గోడకు ముక్కు

గోడలకు చెవులుంటాయని
యుద్ధం మొదలైన ఏడాదే ఒక పోస్టరు అంటించాను.
ముక్కు పెట్టింది మాత్రం మూడో చలికాలం.

హల్ నగరం. హెసిల్ రోడ్డు.
మనుషులకంటే ముందు చేపల వాసన నిద్రలేచే వీధి.
సగం ఇళ్లు అప్పటికే కూలాయి కనక
నాకు గోడల కొరత లేదు.
ఒక చేత బంక బకెట్టు, ఒక చేత కుంచె,
చంకలో చుట్టచుట్టిన ముప్పై ఆరు కాగితాలు.
అన్నిట్లోనూ ఒకడే మనిషి:
కళ్లు మూసి, నోరు తెరిచి,
తుమ్ము రాబోయే ఆ అరక్షణంలో
ఆకాశాన్నేదో అడుగుతున్నట్టు తలెత్తినవాడు.
నోటి ముందు పచ్చటి చుక్కలు,
చుక్కచుక్కకీ బుల్లి ఇనప టోపీ.
కింద ఎర్రటి అక్షరాలు:
నీ తుమ్ము శత్రువుకి చుట్టం, రుమాలు అడ్డుపెట్టు.

బొమ్మ గీసింది ఆర్టు స్కూలు మిస్ బ్రాకెన్‌బరీ.
ఎదురుగా కూర్చున్నది విల్‌ఫ్రెడ్ ఆక్స్‌టోబీ,
రేవులో చేపల తూకం గుమాస్తా.
కూలి రెండు షిల్లింగులు, చిటికెడు మిరియాల పొడి.
"ఎంత పీల్చినా రాలేదు ఈనిడ్,
డబ్బు జేబులో పడి మెట్లు దిగాక వచ్చింది,
వరసగా పదకొండు" అని నవ్వేవాడు.

తర్వాత తగ్గింది నవ్వు.
ట్రామెక్కితే పక్క సీటు ఖాళీ.
మాంసం క్యూలో అతని వెనక రెండు గజాల నేల.
పిల్లలు సందు చివరిదాకా హాచ్ హాచ్ మంటూ సాగనంపేవాళ్లు.
వికారు గారి భార్య గ్లవ్ తీయకుండానే చెయ్యి కలిపింది.
ఏడాదికొక్కసారైనా జలుబు చెయ్యని మనిషి
ఊరి జలుబంతటికీ పూచీ పడ్డాడు.

ఇంకోటి కూడా ఉంది.
రుమాలు అడ్డుపెట్టమన్న సర్కారే
రుమాలుకి కూపను కత్తిరించింది.
అతని భార్య ఐడా
పెళ్లినాటి చొక్కా అంచు కోసి నాలుగు రుమాళ్లు కుట్టింది,
మూలన నీలం దారంతో వి, ఆ.
నాలుగూ ఇస్త్రీ చేసి, రోజుకొకటి
బొమ్మలోని తప్పుకి జవాబులా
అతని పైజేబులో కొసలు కనబడేలా పెట్టేది.

వసంతంలో ఒక రాత్రి
రేవు కప్పు మీద మంటల కాపలా అతని వంతు.

తెల్లారి రేడియో
"ఈశాన్య తీరాన ఒక పట్టణం" అంది.
మా ఊరి పేరు చెప్పకూడదు.
"కొద్దిపాటి నష్టం" అంది.
పోస్టరు మీద కూడా అతని పేరు లేదు కదా,
పేరు లేని ఊళ్లో పేరు లేని మనిషి,
తుమ్మితే ఊడిపోయే ముక్కులాంటి వీధి.

నాలుగో రోజు కొత్త కాగితాలొచ్చాయి.
పాతవాటి మీదే అంటించమన్నారు.
నెప్‌ట్యూన్ టెరెస్ చివర
ఇల్లు పోయి గోడ మిగిలిన చోట
ఐడా నిలబడి ఉంది, అరిగిన కుర్చీ ఒకటి లాక్కొచ్చి
దానిమీద, మునివేళ్ల మీద.
రుమాలు మూల ఉమ్మితో తడిపి
అతని ముక్కు మీద మసి తుడుస్తోంది.

ఉమ్మివేయరాదు అని
ఆ వీధిలో ఏడు చోట్ల అంటించింది నేనే.

వెనక్కి తిరగకుండానే అంది:
"ఎన్నాళ్లిలా నోరు తెరిపించి ఉంచుతారమ్మా?
ఒక్కసారి తుమ్మేస్తే పోయేది.
నేను చల్లగా ఉండు అని
లోపలికి వెళ్లి టీ పెట్టుకునేదాన్ని."

కుర్చీ కాలు కదులుతుంటే పట్టుకున్నాను.
బుగ్గలయ్యాయి. నుదురయ్యింది.
పచ్చటి చుక్కల్ని కూడా ఒకటొకటిగా తుడిచింది,
టోపీలు చెదరకుండా.

కొత్త కాగితం పక్క గోడకి అంటించాను.
చేతులు సబ్బుతో కడుక్కోండి అని ఉంది దానిమీద.
మోచేతులదాకా బంక నాకు.
గొట్టాలు పగిలి నాలుగు రోజులు,
వీధిలో ఏ కుళాయి తిప్పినా
గాలి దగ్గేది, అంతే.